ఉత్తుత్తి ఆట నుంచి రంగస్థలానికి

నటన మనిషికి మాటలతో పాటే అబ్బుతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే తన పిల్లల ఎదుగుదలను రోజురోజుకూ గమనించి రాసిపెట్టేవాడు. 1945లో అచ్చయిన ఆయన గ్రంథంలో పదిహేను నెలల కూతురి ముచ్చట ఒకటి ఉంది. ఆ పాపకు కుచ్చుల అంచున్న గుడ్డ కనిపించింది. అంచు చూడటానికి తన దిండు అంచులాగే ఉంది. పాప ఆ గుడ్డ మడతను గుప్పిట పట్టుకుని, బొటనవేలు నోట్లో పెట్టుకుని, పక్కకు ఒరిగి పడుకుంది. నిద్ర వచ్చి కాదు, నిద్రపోతున్నట్టు చేయడానికి. అలా చేస్తూ పకపకా నవ్వింది. పరిశీలకుడు ఆ నవ్వును కూడా రాసిపెట్టడం మన అదృష్టం. ఎందుకంటే గుట్టంతా అందులోనే ఉంది. గుడ్డ దిండు కాదని పాపకు తెలుసు. తెలిసే దాన్ని దిండు చేసుకుంది. తెలిసి చేసుకున్నందుకే నవ్వు వచ్చింది.

నమ్ముతూనే అది నిజం కాదని ఎరిగి ఉండటం పసితనపు ఊహకు పునాది. 1987లో ఆలన్ లెస్లీ అనే పరిశోధకుడు ఒక చిక్కు ప్రశ్న వేశాడు. రెండేళ్ల పిల్లవాడు ఏ వస్తువు దేనికి పనికొస్తుందో అప్పుడప్పుడే నేర్చుకుంటూ ఉంటాడు. సరిగ్గా ఆ వయసులో వాళ్లమ్మ అరటిపండును చెవి దగ్గర పెట్టుకుని ఫోన్‌లో మాట్లాడినట్టు మాట్లాడితే వాడు తికమకపడాలి కదా? పండ్లన్నీ ఫోన్లే అనుకోవాలి కదా? అలా జరగదు. పిల్లవాడు కిలకిలా నవ్వి ఆ పండు తనకిమ్మంటాడు, తనూ మాట్లాడతాడు, తర్వాత ఒలుచుకుని తింటాడు. నిజాన్నీ ఉత్తుత్తినీ మనసు విడివిడిగా ఉంచుకోగలదనీ, ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఊహించే శక్తికీ దీనికీ మూలం ఒకటేననీ లెస్లీ వాదించాడు. కనిపించని నేస్తాలతో కబుర్లు చెప్పే పిల్లల మీద ఏళ్ల తరబడి పనిచేసిన మార్జొరీ టేలర్ 1999లో తెచ్చిన పుస్తకం కూడా ఈ మాటనే బలపరుస్తుంది. తమ నేస్తం ఎంత పొడుగో, ఏం తింటుందో, ఎందుకు అలిగిందో పూసగుచ్చినట్టు చెప్పే పిల్లలు, ప్రశ్నలడిగే పెద్దావిడ మరీ నమ్మేస్తోందేమోనని అనుమానం వస్తే, ఇదంతా ఉత్తుత్తికేనని తామే గుర్తుచేస్తారు. ఊహల్లో బతికే పిల్లలు నిజం తెలియని పిల్లలని పెద్దలు పడే భయానికి ఆధారం లేదు.

తెలుగు ఇళ్ల వాకిళ్లలో ఈ ఆటలకు పేర్లే ఉండేవి. చిట్టి గిన్నెల్లో గుజ్జనగూళ్లు, గుడ్డ బొమ్మలకూ చెక్క బొమ్మలకూ పెళ్లిళ్లు, తాటిబుర్రల బండి, కర్ర గుర్రం. బొమ్మల పెళ్లిలో తంతు ఏదీ తప్పిపోదు. పెళ్లిచూపులుంటాయి, మగపెళ్లివారి అలకలుంటాయి, పురోహితుడి గొణుగుడుంటుంది, అప్పగింతల వేళ ఏడుపు ఉంటుంది. ఆడే పిల్లలు ఎవరికి తోచినట్టు వారు చేయరు. వియ్యపురాలు మెత్తగా మాట్లాడితే పక్క పిల్ల ఊరుకోదు, అలా కాదని దిద్దుతుంది. రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ విగోట్‌స్కీ 1933లో లెనిన్‌గ్రాడ్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో ఈ దిద్దుబాటునే పట్టుకున్నాడు. ఆ ఉపన్యాసం 1966 దాకా అచ్చుకు రాలేదు. ఊహ అంటే కట్టుబాటు లేకపోవడమని లోకం అనుకుంటుంది. నియమం లేని ఊహాక్రీడ ఉండదని విగోట్‌స్కీ అన్నాడు. ఆయన ఎత్తుకున్న ఉదాహరణ అయిదేళ్ల, ఏడేళ్ల అక్కచెల్లెళ్లది. వాళ్లిద్దరూ ఒకరోజు అక్కచెల్లెళ్ల ఆట ఆడదామనుకున్నారు. నిజంగా అక్కచెల్లెళ్లే, అయినా ఆటలోకి దిగగానే ఒకేలాంటి బట్టలు వేసుకున్నారు, చేతులు పట్టుకుని నడిచారు, అక్కచెల్లెళ్లు ఎలా ఉండాలో అలా మాట్లాడుకున్నారు. రోజూ ఆలోచన లేకుండా గడిచిపోయే బంధం ఆటలో ఆలోచించి చేసే పని అయింది. పాత్ర చేతికి వచ్చినప్పుడు నటుడు చేసేదీ ఇదే: అలవాటుగా సాగిపోయే నడకనూ చూపునూ మాటనూ ఆపి, అది ఎలా జరుగుతోందో గమనించి, మళ్లీ కావాలని చేయడం.

పిల్లలందరూ ఇలా ఆడుకుంటారు. వారిలో నటన మీద ప్రేమ పెంచుకునేవారు కొందరే. ఈ తేడా ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవాలని థాలియా గోల్డ్‌స్టీన్, ఎలెన్ విన్నర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు వృత్తి నటులనూ న్యాయవాదులనూ వారి బాల్యం గురించి అడిగారు. 2009లో వెలువడిన ఆ అధ్యయనంలో నటులు తాము చిన్నప్పుడు కల్పిత లోకాల్లో ఎక్కువగా మునిగిపోయేవారమనీ, ఎదుటివారి మనోభావాలను ఎక్కువగా గమనించేవారమనీ చెప్పారు. పెద్దయ్యాక చెప్పే బాల్యంలో పెద్దవాడి ఇష్టాలు కూడా కలుస్తాయి కనుక ఈ ఫలితాన్ని జాగ్రత్తగా తీసుకోవాలి. పైగా నటులూ న్యాయవాదులూ రెండు జాతులని తెలుగువారు ఒప్పుకోరు. బళ్లారి రాఘవ వృత్తికి న్యాయవాది. నటుడిగా దేశమంతా ఎరిగిన పేరు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకకర్త, నాటక సమాజాన్ని నడిపినవాడు. అలాంటి ఇంట పెరిగే పిల్లవాడి ఊహకు దారి ముందే పరిచి ఉంటుంది. ఊహాశక్తి ఒక్కటే నటుణ్ణి చేయదు. ఆ శక్తికి చుట్టుపక్కల ఏం దొరికిందన్నది అంతే ముఖ్యం.

ఇంగ్లండ్‌లో పిల్లల నాటకం మీద జీవితమంతా పనిచేసిన పీటర్ స్లేడ్ 1954లో రాసిన పుస్తకంలో ఊహాక్రీడను రెండుగా విడదీశాడు. ఒకదానిలో పిల్లవాడు కదలకుండా కూర్చుని బొమ్మలకూ పుల్లలకూ ప్రాణం పోస్తాడు. ప్రాణమంతా వస్తువుల్లో ఉంటుంది. రెండోదానిలో తానే పులి అవుతాడు, తానే రాజు అవుతాడు, ఒళ్లంతా ఆటలో ఉంటుంది. మొదటి తరహాకు ప్రసిద్ధమైన సాక్ష్యం జర్మన్ కవి గేటే. 1753 క్రిస్మస్‌కు నాయనమ్మ ఇచ్చిన బొమ్మల నాటకశాల ఆ నాలుగేళ్ల పిల్లవాడి మనసులో నిలిచిపోయింది. తర్వాత ఆత్మకథలోనూ విల్‌హెల్మ్ మైస్టర్ నవలలోనూ దాన్ని తలచుకున్నాడు. డెన్మార్క్‌లో చెప్పులు కుట్టే పేదవాడి కొడుకు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్‌కు కూడా తండ్రి చేసిచ్చిన బొమ్మల నాటకశాల ఉండేది. ఆ బొమ్మలకు బట్టలు తానే కుట్టేవాడు. 1819లో, పద్నాలుగేళ్ల వయసులో, నటుణ్ణవుతానని ఒంటరిగా కోపెన్‌హాగన్ వెళ్లాడు. రాజనాటకశాల అతణ్ణి నటుడిగా నిలుపుకోలేదు. బొమ్మలకు ప్రాణం పోసిన శక్తి కథల్లోకి వెళ్లింది. తగరపు సిపాయి కథ చదివినవారికి ఆ శక్తి ఎక్కడ పుట్టిందో వేరే చెప్పనక్కర్లేదు. ఈ ఇద్దరూ ఆటను రాతలోకి మళ్లించుకున్నారు. ఒళ్లంతా ఆటలో పెట్టిన పిల్లల దారి వేరు. వాళ్లకు చూసేవాళ్లు కావాలి.

చూసేవాళ్లు రాగానే ఆట స్వభావం మారుతుందన్న సంగతి భారతదేశంలో చాలా ముందే గుర్తించారు. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో ఇంద్రుడు మొదలైన దేవతలు బ్రహ్మను అడిగింది శాస్త్రాన్ని కాదు, కంటికీ చెవికీ ఇంపైన ఆటవస్తువును. బ్రహ్మ నాట్యవేదం సృష్టించాడు, భరతుడు తన నూరుగురు కొడుకులకు నేర్పాడు, ఇంద్రధ్వజోత్సవంలో మొదటి ప్రదర్శన జరిగింది. అసురుల ఓటమిని చూపే ఆ ప్రదర్శన చూసి అసురులకు కోపం వచ్చింది. వారి పక్షాన విఘ్నాలు నటుల మాటను, కదలికను, జ్ఞాపకాన్ని స్తంభింపజేశాయి. మొదటిసారి వేదిక ఎక్కి నోరు పెగలని ఏ పిల్లవాడికైనా ఆ మూడూ తెలుసు. ఆ తర్వాత విశ్వకర్మ నాట్యగృహం కట్టాడు, బ్రహ్మ అసురులను కూర్చోబెట్టి నాట్యం ఏ ఒక్కరిదీ కాదని నచ్చజెప్పాడు. కథ క్రమం గమనించదగ్గది. ముందు ఆట, తర్వాత చూపరులు, చూపరులతో వచ్చిన భయం, ఆ భయాన్ని దాటడానికి ఒక చోటు, చూపరులతో ఒక ఒప్పందం. పందొమ్మిదో శతాబ్దపు మాస్కో పిల్లవాడి బాల్యం ఇంచుమించు ఇదే క్రమంలో నడిచింది. ఆ పిల్లవాడు దాన్ని దాచుకోకుండా రాసిపెట్టాడు కనుక ఊహ నటనగా మారడం ఎక్కడా లేనంత స్పష్టంగా అక్కడ కనిపిస్తుంది.

కాన్‌స్టాంటిన్ అలెక్సేయెవ్ 1863లో పుట్టాడు. లోకానికి స్టానిస్లావ్‌స్కీగా తెలిసినవాడు ఇతనే. బంగారు, వెండి జరీ తయారుచేసే సంపన్న కుటుంబం. అమ్మమ్మ ఫ్రెంచి నటి. మూడు నాలుగేళ్ల వయసులో లుబీమోవ్‌కా అనే తోట ఇంట్లో పిల్లలతో నాలుగు రుతువుల దృశ్యం వేయించారు. కాన్‌స్టాంటిన్ చలికాలం. నేలంతా మంచుకు బదులు దూది. పిల్లవాడికి ఉన్ని కోటు, తెల్ల గడ్డం. ఎటు చూడాలో, ఎందుకు కూర్చున్నాడో తెలియక ఇబ్బంది పడ్డాడు. చప్పట్లు మోగాయి, తెర మళ్లీ లేచింది. ఈసారి ఎదురుగా కట్టెల మధ్య కొవ్వొత్తి వెలిగించి చేతికి పుల్ల ఇచ్చారు. మంటలో పెడుతున్నట్టు చెయ్యి, నిజంగా పెట్టకు అన్నారు. నిజంగా పెట్టగలిగినప్పుడు పెడుతున్నట్టు చేయడం ఎందుకో పిల్లవాడికి అర్థం కాలేదు. పెట్టాడు. దూది అంటుకుంది, అందరూ కేకలు వేశారు, అతణ్ణి ఎత్తుకుపోయారు. అరవై ఏళ్లు వచ్చిన తర్వాత రాసిన ఆత్మకథలో ఆ సాయంత్రం మిగిల్చిన రుచులను ఆయన ఒక్కొక్కటే తలచుకున్నాడు: మెప్పులోని తీపి, ఓటమిలోని చేదు, పనిలేకుండా వేదిక మీద కూర్చోవడంలోని ఇబ్బంది, అర్థమున్న పని చేసినప్పటి హాయి. ఆయన నట శిక్షణ పద్ధతి మొత్తానికి విత్తనం ఈ చివరి రెండింటిలో ఉంది.

కొన్నేళ్లకు ఇంట్లో సర్కస్ మొదలైంది. ఆదివారాలు సర్కస్‌కు వెళ్లడం ఆ పిల్లలకు పండుగ. గుర్రపు ఆటల నర్తకి మీద పిచ్చి అభిమానంతో ఒకసారి కాన్‌స్టాంటిన్ పరుగున వెళ్లి ఆమె దుస్తుల అంచును ముద్దు పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చాక తానే సర్కస్ యజమాని. ప్రకటనలు, టికెట్లు, వాద్యగాళ్లు అన్నీ ఉండేవి. అన్నయ్య మాత్రం నమ్మదగ్గ ఉద్యోగి కాడు. ఆట మంచి పట్టులో ఉన్నప్పుడు నేల మీద పడుకుని కాళ్లు పైకెత్తి ఇక ఆడనని మారాం చేసేవాడు. మిఠాయి ఇచ్చి లేపినా అప్పటికే జరగవలసిన నష్టం జరిగిపోయేది. నిజమన్న భావం ఎగిరిపోయేది. అది పోయాక ఆట చప్పగా ఉండేదని, ఇదంతా అసలైన సర్కసేనని నమ్మడమే తనకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేదని ఆయన గుర్తుచేసుకున్నాడు. అరిచి నవ్వించడం ఆ పిల్లవాడికి అక్కర్లేదు. ఒకరి నమ్మకం అందరి నమ్మకం మీద నిలబడుతుందని, ఒక్కరు చెయ్యి వదిలితే అందరిదీ కూలుతుందని అతనికి తెలిసింది అక్కడే. బతికున్న నటులు మొరాయిస్తున్నారు కనుక తర్వాత అట్టబొమ్మల నాటకశాల పెట్టారు. అందులో వాళ్లకు నచ్చినవి విపత్తులూ అద్భుతాలూ. పాఠం జరుగుతుండగా పుస్తకం చాటున రంగాలంకరణ బొమ్మలు గీసుకునేవారు.

1877 సెప్టెంబరు 5న, తల్లి నామదినోత్సవం రోజున, లుబీమోవ్‌కాలో తండ్రి సిద్ధం చేయించిన నిజమైన నాటకశాల తెరుచుకుంది. కాన్‌స్టాంటిన్ వయసు పద్నాలుగు. ఒక చిన్న నాటకంలో మాస్కో మాలీ నాటకశాల నటుడు ముజీల్‌ను గొంతుతో సహా అనుకరించాడు. ఒళ్లంతా ఉద్వేగం, ఊపిరి అందనంత ఆనందం. అద్భుతంగా చేశాననుకున్నాడు. తీరా చూస్తే మాటలు గొణిగినట్టు, పరుగెత్తినట్టు ఉన్నాయని, ఒక్కటీ వినబడలేదని తేలింది. ఊహ బాల్యాన్ని దాటి కళగా మారే చోటు ఇదే, ఎంతోమంది ఆగిపోయే చోటు కూడా ఇదే. తనకు కలిగిన ఆనందం చూసేవారికి చేరలేదని తెలిసినప్పుడు కొందరు సిగ్గుపడి మానేస్తారు, కొందరు చూసేవారినే తప్పుపడతారు. ఈ పిల్లవాడు లోపాలు రాసుకోవడానికి నోటు పుస్తకం తెరిచాడు. ఆ అలవాటు చివరిదాకా పోలేదు. ఆ ఇంటి బృందంతోనే సాధన సాగించాడు. ఒక వేసవిలో నాటకంలోని పాత్రల్లాగే రోజంతా బతకాలని పిల్లలు పందెం వేసుకున్నారు. షికారుకు వెళ్లినా, తోటలో ఎవరు ఎదురైనా పాత్రలాగే ప్రవర్తించాలి. ఇంకోసారి తాగుబోతు బికార్ల వేషంలో రైల్వే స్టేషన్‌కు వెళ్లి నిజమైన మనుషుల మధ్య తిరిగారు. కుక్కలు మొరిగాయి, కొందరు చిల్లర వేశారు. వేదిక మీద అతిగా చేస్తే చెల్లుతుంది. స్టేషన్‌లో అతిగా చేస్తే పట్టుబడిపోతారు. గడుసు ఆటే, కానీ పాఠం చాలా పెద్దది.

1897 జూన్‌లో నాటకకర్త నెమిరోవిచ్-డాన్‌చెంకోతో స్టానిస్లావ్‌స్కీ మాస్కో హోటల్లో జరిపిన సుదీర్ఘ సంభాషణ, 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ స్థాపన నాటక చరిత్ర పుస్తకాలన్నింటిలో ఉన్నాయి. ఇక్కడ చెప్పవలసింది వేరే. నటుడు పాత్రలోకి ఎలా వెళ్లాలన్న ప్రశ్నకు ఆయన చివరికి ఇచ్చిన సమాధానం ఇది: నేను ఈ పరిస్థితిలో ఉంటే ఏం చేస్తాను అని అడుగు. నేను రాజునని నమ్మమని ఆయన అనలేదు. రాజునైతే ఏం చేస్తానో ఆలోచించమన్నాడు. అలా అడిగితే అబద్ధమాడనవసరం లేదు, అయినా ఒళ్లు కదులుతుంది. 1935లో, డెబ్బై దాటిన వయసులో, యువ విద్యార్థులతో కొత్త స్టూడియో మొదలుపెట్టినప్పుడు వారి చేత మొదట నాటకాలు వేయించలేదు. లేని వస్తువులతో పని చేయించాడు, పాఠం లేకుండా సన్నివేశాలు కట్టించాడు.

కలకత్తాలో రవీంద్రనాథ్ ఠాకూర్ ఇల్లు జొరాసాంకో కూడా ధనవంతుల ఇల్లే. కానీ అక్కడి పిల్లవాడి బాల్యం సేవకుల పహరాలో గడిచింది. శ్యామ్ అనే సేవకుడు గదిలో ముగ్గుతో గీత గీసి అది దాటితే ఆపద అని చెప్పి వెళ్లిపోయేవాడు. రామాయణం విన్న పిల్లవాడికి గీత దాటిన సీత సంగతి తెలుసు కనుక కిటికీ పక్కనే కూర్చుని చెరువునూ మర్రిచెట్టునూ చూసేవాడు. వసారా కటకటాల చువ్వలు అతని శిష్యులు. బెత్తం పట్టుకుని ఆ చువ్వలకు పాఠం చెప్పేవాడు, మందమతుల్ని మోదేవాడు. గురువుల విద్య కంటే వారి కోపతాపాలే తనకు ముందు అబ్బాయని తర్వాత గ్రహించాడు. బామ్మల కాలపు పల్లకి ఒకటి ఓ మూలన పడి ఉండేది. మధ్యాహ్నం పెద్దలు భోజనాల్లో ఉన్నప్పుడు అందులో దూరి, తలుపులు మూసుకుని, కనిపించని బోయీల భుజాల మీద అడవులు దాటేవాడు. 1940లో, మరణానికి ఏడాది ముందు, బాల్యం మీద రాసిన చిన్న పుస్తకంలో ఆ పల్లకి ప్రయాణాలు నిన్నటివన్నంత తాజాగా కనిపిస్తాయి.

మూసిన పల్లకిలోని పిల్లవాడు వేదిక మీదికి వచ్చాడంటే ఆ ఇంట్లోనే నాటకం ఉండటం వల్ల. 1867లోనే జొరాసాంకో నాటకశాల నవనాటకం ప్రదర్శించింది. అన్న జ్యోతిరింద్రనాథ్ నాటకాలు రాసేవాడు, తమ్ముణ్ణి సమవయస్కుడిలా పనిలో కలుపుకునేవాడు. 1877లో ఆయన ప్రహసనంలోనే రవీంద్రుడు మొదట నటించాడు. 1881లో తాను రాసిన వాల్మీకి ప్రతిభలో తానే వాల్మీకి. మరో అన్న కూతురు ప్రతిభ సరస్వతి. దేశి బాణీలూ విదేశీ బాణీలూ కలిపి పాడుతూ నటించిన ఆ ప్రయోగం వెనుక ఇంటి పిల్లల, పెద్దల ఉమ్మడి ఆట ఉంది. జ్యోతిరింద్రనాథ్ వాద్యం మీద బాణీలు వెతుకుతుంటే తమ్ముడు అక్కడికక్కడే మాటలు కట్టేవాడు. నేర్పడం కంటే కలిసి ఆడటం పెద్ద సాయమన్నది జొరాసాంకో చూపిన దారి. 1901లో శాంతినికేతన్ బడి పెట్టాక విద్యార్థుల కోసం శారదోత్సవం వంటి నాటకాలు రాసి, వారితో పాటే వేషం కట్టి ఆ సాయాన్ని ఆయన తర్వాతి పిల్లలకు అందించాడు. 1912 నాటి డాక్‌ఘర్‌లో జబ్బుతో గది దాటలేని అమల్ కిటికీ దగ్గర కూర్చుని పెరుగమ్మేవాడిగా, దూరదేశపు బాటసారిగా మారిపోతుంటాడు. గీతలో కూర్చున్న పిల్లవాణ్ణి ఎరిగినవారు అమల్‌ను వెంటనే గుర్తుపడతారు.

ఈ ఇళ్లలో పిల్లల ఆట వెళ్లి వేదికను చేరింది. సురభి కుటుంబాల్లో వేదికే పిల్లల దగ్గరికి వచ్చింది. మహారాష్ట్ర మూలాలున్న ఆ కుటుంబాలు తరతరాలుగా తోలుబొమ్మలాట ఆడుకునేవి. తెల్లటి తెర, వెనుక దీపం, బొమ్మ ఆడించేవారు తెర చాటున పాడుతూ, మాట్లాడుతూ, కాలి కింద చెక్కలు టకటకలాడిస్తూ రాముడికీ రావణుడికీ కేతిగాడికీ బంగారక్కకూ గొంతు ఇవ్వడం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి వేడుకలో వనారస గోవిందరావు, ఆయనవారు కీచకవధ నాటకం ఆడారు. బొమ్మలకు గొంతు ఇచ్చినవారు ఆ రోజు బొమ్మల చోట తామే నిలబడ్డారు. స్లేడ్ చెప్పిన రెండు తరహాల మధ్య దూరాన్ని ఒక వంశం మొత్తం దాటిందన్నమాట. కళల చరిత్రలో ఇది అపురూపమైన మార్పు.

ఊరూరా డేరా వేసుకుని తిరిగే ఆ సమాజాల్లో పిల్లలు రంగస్థలం వెనుకే పెరిగారు. ఒడిలో పాప బాలకృష్ణుడు, కాస్త నిలబడగలిగితే లోహితాస్యుడు, పద్యం పట్టుబడితే ప్రహ్లాదుడు, జంట కుదిరితే లవకుశులు. స్త్రీ పాత్రలు మగవారే కట్టే రోజుల్లో సురభిలో ఆడవారు కట్టేవారు, కాబట్టి ఆడపిల్లల ముందు కూడా అదే దారి ఉండేది. సురభి పేరు వినగానే జనం చెప్పుకునేది మాయలు: నారదుడు ఆకాశం నుంచి దిగడం, బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొనడం, మాయాబజార్‌లో విస్తళ్ల చిత్రాలు. ఎదుట కూర్చున్న పిల్లలు నోరు తెరుచుకుని చూసే ఆ మాయ తీగె ఎక్కడుందో, ఎవరు లాగుతున్నారో తెర వెనుక పిల్లలకు తెలుసు. కొంచెం పెద్దవాడైతే లాగేది వాడే. కిటుకు తెలిశాక మాయ మీద మోజు పోవాలి కదా? పోలేదు. కిటుకు తెలిసిన పిల్లలే తర్వాతి తరం నటులయ్యారు. ఉత్తుత్తి అని తెలిసి ఆనందించడం పిల్లల సహజ గుణమైనప్పుడు తీగె కనబడితే ఏమవుతుంది? ఆ తీగెను ఎదుటివారికి కనబడనీయకుండా ఉంచే పని తమదన్న గర్వం మాత్రం అదనంగా వస్తుంది.

వేదిక వారసత్వం లేని పిల్లవాడి కథ ఆదిభట్ల నారాయణదాసుది. 1864లో బొబ్బిలి ప్రాంతపు అజ్జాడలో పుట్టాడు. ఇంట్లో విన్న భాగవత పద్యాలు పసితనంలోనే నోటికి వచ్చాయి. 1883లో విజయనగరంలో కుప్పుస్వామి నాయుడి హరికథ విన్నాడు. పద్యం, పాట, అభినయం, కథ, ఛలోక్తి, అప్పటిదాకా విడివిడిగా తనలో పెరిగినవన్నీ ఒకే మనిషి ఒకే రాత్రి చేసి చూపడం అతని కళ్లు తెరిపించింది. వెంటనే ధ్రువచరిత్రను హరికథగా కట్టి తానే చెప్పాడు. హరికథలో తోడు నటులు లేరు, అలంకరించిన రంగం లేదు. కాలికి గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో దండ. అలక వచ్చిన అయిదేళ్ల ధ్రువుడూ తానే, కసిరిన సురుచీ తానే, కన్నీరు మింగిన సునీతీ తానే. ఒంటరిగా ఆడుకునే పిల్లవాడు పాత్రలన్నీ తానే అయి మాట్లాడతాడు. ఆ ఒంటరి ఆటకు దగ్గరగా ఉన్న రంగస్థల కళ హరికథకు మించి ఇంకొకటి లేదు.

ఆట ఎప్పుడు ప్రదర్శన కావాలన్నది పెద్దలను ఎప్పుడూ ఇబ్బంది పెట్టే ప్రశ్న. చిన్నపిల్లలను తెర ఉన్న ఎత్తు వేదిక మీద నిలబెట్టవద్దని స్లేడ్ గట్టిగా చెప్పాడు. కింద నేల మీద, తమ మధ్య ఆడుకునే వయసులో వాళ్లను జనానికి ఎదురుగా తిప్పి నిలబెడితే ఊహ పక్కకు తప్పుకుంటుంది, మెప్పు కోసం వెకిలితనం మిగులుతుందని ఆయన అనుభవం. బడి వయసు వచ్చాక ఊహ అసలు బయటికి కనిపించడం తగ్గుతుంది. ఆ వయసు కల్పనను విగోట్‌స్కీ చేతలు లేని ఆట అన్నాడు. లోపలికి వెళ్లిన ఆట మళ్లీ బయటికి రావాలంటే తగిన వేళకు వేదిక ఎదురు కావాలి. లుబీమోవ్‌కా నాటకశాల తెరుచుకునేనాటికి స్టానిస్లావ్‌స్కీకి పద్నాలుగేళ్లు. రవీంద్రుడు మొదటి పాత్ర కట్టేనాటికి పదహారు. కుప్పుస్వామి నాయుడి కథ వినేనాటికి నారాయణదాసు పంతొమ్మిది పూర్తయ్యే దశలో ఉన్నాడు. స్లేడ్ మాటకు ఈ వయసులు బలమిస్తాయి. సురభి పిల్లలు ఎదురు నిలుస్తారు. అక్కడ పసివాణ్ణి వేదిక మీదికి తెచ్చింది ముద్దుగా ఉన్నాడని చూపించడానికి కాదు. అమ్మ చంద్రమతి, నాన్న హరిశ్చంద్రుడు; కొడుకు లోహితాస్యుడు కావడం ఇంటి పనిలో చెయ్యి వేయడం. పొగడ్త కోసం నిలబెట్టిన పిల్లవాడికీ పనిలో భాగమైన పిల్లవాడికీ అనుభవం ఒకటి కాదు. నేటి బడుల వార్షికోత్సవాల్లో సినిమా పాటకు నేర్పిన అడుగులు వేసే ఆరేళ్ల పిల్లలు ఈ రెంటిలో మొదటి కోవలోకి వస్తారు. వారి ఊహకు అందులో పని లేదు. అందువల్ల చాలామందికి ఆ సాయంత్రపు భయం గుర్తుంటుంది గాని ఆనందం గుర్తుండదు.

ఈ రెండు కొసల మధ్య తెలుగువారు చేసిన గొప్ప ప్రయత్నం రేడియోలో జరిగింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపి తెలుగు పిల్లలందరికీ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు, 1945లో బాల పత్రిక తెచ్చారు. రాఘవరావు పిల్లల కోసం నాటికలు రాశాడు, పిల్లల చేతే పలికించాడు. మైకు ముందు నిలబడిన పిల్లలకు ఎదురుగా జనం లేరు, కొరకొరా చూసే కళ్లు లేవు, వేషం లేదు, రంగు లేదు. వినేవారు మాత్రం ఎన్నో ఊళ్లలో ఉన్నారు. పులి వచ్చిందన్న సంగతి గొంతుతోనే నమ్మించాలి, అందుకు మాట స్పష్టంగా పలకాలి, పక్కవాడి మాట పూర్తయ్యేదాకా ఆగాలి, కాగితం చప్పుడు కానీయకూడదు. ఊహకు ఎంత చోటు ఉందో క్రమశిక్షణకూ అంతే చోటు ఉంది. ఆ కార్యక్రమాల్లో గొంతు సవరించుకున్న పిల్లల్లో కొందరు నాటకాలకూ సినిమాలకూ సంగీతానికీ వెళ్లారు. మిగిలినవారు ఉద్యోగాలకూ సంసారాలకూ వెళ్లి, పాత్రకు తగ్గట్టు గొంతు మార్చి తమ పిల్లలకు కథలు చెప్పారు.